గ్రీజు రాసిన అచ్చులు

ఫిలోఫ్తేయాకి మనుషుల మొహాలు గుర్తుండవు. నెత్తులు గుర్తుంటాయి. అది ఆవిడ తప్పేం కాదు. పద్దెనిమిదో ఏట క్రేన్ ఎక్కిన మనిషి, కార్ఖానా గేటుకి గొలుసు పడేదాకా దిగలేదు మరి. రేకులొత్తే ప్రెస్సుల షెడ్డు, వాళ్ళ మాటలో ప్రెస్సుల షాపు, దాని కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే పెద్ద క్రేన్, దాని చివర వేలాడే ఇనప గది, అదే ఆవిడ కాపురం. కిటికీకి కుట్టుపని చేసిన తెర, ఒక జెరేనియం కుండీ, మూలన మేరీమాత పటం, ఖాళీ దొరికితే అల్లుకోవడానికి ఊలు. కాఫీ కావాలంటే తాడు కట్టిన బక్కెట కిందికి వదిలేది. కింద తిరిగే వాళ్ళెవరైనా ఆవిడకి కనబడేది టోపీ, బట్టతల, లేకపోతే సుడి.

అందుకని వాళ్ళ ఊరు కింపులుంగ్ సంతలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసేది. "ఏమ్మా, పైనుంటావని మేం ఆనడం లేదా కంటికి?" అని దెప్పితే, "కాస్త తల వంచవయ్యా బాబూ" అనేది. వాడు వంచగానే, "ఓరి నువ్వట్రా! రెండో ప్రెస్సు దగ్గర నిలబడి కునుకు తీసేవాడివి కాదూ!" అని నలుగురిలో పరువు తీసేది. ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆవిడ కనబడితే టోపీ సర్దుకునేవాళ్ళు.

వాళ్ళ నాన్నదీ ఆ కార్ఖానాయే. పూర్వం అది కాగితం మిల్లు. యుద్ధం రోజుల్లో విమానాల సామాను చేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు అక్కర్లేదు, మనుషులకి మాత్రం తిండి కావాలి. అదీ ఇదీ చేసి చేసి చివరికి జీపులు మొదలెట్టారు. మొదటిది రష్యా వాళ్ళ జీపుని చూసి కుట్టుకున్న చొక్కా లాంటిది. వాళ్ళ నాన్న కర్రదిమ్మ మీద రేకు పెట్టి సుత్తితో కొట్టి కొట్టి తలుపులు చేసేవాడట. ఒక బండి తలుపు ఇంకో బండికి పట్టేది కాదట. "ఎవడి తలుపు వాడిదేనే, ఎవడి పెళ్ళాం వాడిదైనట్టు" అని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. అమ్మ అట్లకాడ విసిరేది.

తర్వాత వచ్చిన జీపు పేరు ఎం నాలుగువందల అరవై ఒకటి. అడవి ఆఫీసర్లు, పశువుల డాక్టర్లు, సహకార వ్యవసాయం పెద్దలు, అందరూ అందులోనే బురదల్లో దిగి బురదల్లోంచి లేచేవాళ్ళు. ఆ తర్వాత, డెబ్బై రెండులో, "ఆరో" అనే పేరుతో రెండువందల నలభై నంబరు బండి. అది ఎవర్నీ చూసి కుట్టింది కాదు, నలుచదరంగా, దిట్టంగా, అచ్చం ఆ ఊరి మనిషిలాగే ఉండేది. ఆ ఏడే ఫిలోఫ్తేయా క్రేన్ ఎక్కింది. ఆ బండితోపాటే పెద్ద అచ్చులొచ్చాయి.

ఒక్కో అచ్చు రెండు ముక్కలు. కింది ముక్క మీద చదును రేకు పరిచి, పై ముక్కని ప్రెస్సు దించితే, రేకు లేచేసరికి బానెట్టు అయి లేచేది. తలుపుకొకటి, మడ్‌గార్డుకొకటి, కప్పుకొకటి. ఒక్కోటి రెండు ఎడ్లబళ్ళంత ఉండేది. ఇవాళ బానెట్లు, ఎల్లుండి తలుపులు అన్నప్పుడల్లా వాటిని ప్రెస్సు మీంచి దింపి, ఇంకోటి ఎక్కించాలి. ఆ పని ఫిలోఫ్తేయాది. కింద నిలబడి చేతులతో సైగలు చేసేవాడు జంఫీర్, అచ్చుల మేస్త్రి. ఆ మోతలో మాట వినబడదు కదా. ఎత్తు, దించు, మెల్లగా, ఎడమకి, ఆగు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఈ చేతి మాటల్తోనే.

ప్రెస్సు మీంచి దిగిన అచ్చుకి ముందు జరగాల్సింది గ్రీజు. ఎవరూ చెప్పక్కర్లేదు. తువ్వాలుతో చెమట తుడుచుకున్నంత సహజం. గ్రీజు పట్టించి, రెండు ముక్కలూ మూసి, మధ్యలో చెక్కముక్కలు పెట్టి, గోడవారన పేర్చేవాళ్ళు. మళ్ళీ దాని వంతు వచ్చేదాకా అలా ఉండేది. గ్రీజు రాయని అచ్చుని ఎవరైనా చూస్తే జంఫీర్ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు, ఎదటివాడి ఏడు తరాల్నీ పలకరించేవాడు.

ఆ జీపులు ఎడారి దేశాలకి వెళ్ళాయి, కొండ దేశాలకి వెళ్ళాయి. "మనం ఒత్తిన రేకు మీద ఇవాళ ఒంటె నీడ పడుతుంటుందే తేయా" అని భోజనాల వేళ జంఫీర్ మురిసిపోయేవాడు. ఎనభైల్లో చిన్న బండి వచ్చింది, పది అని పిలిచేవాళ్ళు. ఆ రోజుల్లోనే రొట్టె కోసం చీకట్లో వరసలో నిలబడడమూ వచ్చింది. బండి దేశాలు తిరుగుతోంది, చేసినవాళ్ళు చలికి కోటు విప్పకుండా పని చేస్తున్నారు. అయినా ఆవిడకి గర్వమే. ఆ గర్వం చూస్తే ఒక్కోసారి మనకి ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో అన్నీ మారాయి. జర్మనీ వాళ్ళు వాడి పారేసిన కార్లు కొనుక్కోవడం జనానికి గొప్పయింది. వారానికి మూడు రోజులే పని అన్నారు, తర్వాత రెండన్నారు, తర్వాత మళ్ళీ కబురు చేస్తామన్నారు. కార్ఖానా చేతులు మారింది. మారినప్పుడల్లా మైకులో మాటలు, మైకు ఆపాక ఏమీ లేదు. ఒకరోజు గేటుకి గొలుసు పడింది. ఫిలోఫ్తేయా జెరేనియం కుండీ చంకన పెట్టుకుని పక్క పల్లె లెరెష్ట్‌లోని ఇంటికి వచ్చేసింది, కోళ్ళు పెట్టుకుంది.

మొగుడు ఇలారియే కూడా అక్కడివాడే, బాడీ షాపులో వెల్డరు. అతికించడం వచ్చినవాడికి కోయడమూ వస్తుంది కదా. పితెష్ట్ పట్నం వెళ్ళే దారిలో ఒక తుక్కు యార్డులో పని దొరికింది. పాత రైలు పెట్టెలు కోస్తున్నామని చెప్పేవాడు. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం పొగవాసనతో దిగేవాడు.

జంఫీర్ మాత్రం ఆశ వదల్లేదు. తుంటి ఎముక అరిగి కర్ర పట్టుకుని నడుస్తూ కూడా, గేటు దాకా వెళ్ళి కంతలోంచి ప్రెస్సుల షాపు కేసి చూసి వచ్చేవాడు. "గోడలు మళ్ళీ కట్టుకోవచ్చే. మనుషుల్నీ మళ్ళీ పిలవచ్చు. అచ్చులు పోతే మాత్రం ఈ బండి ఇంక పుట్టదు. అచ్చులున్నాయి చూడు, అదీ మన ధైర్యం" అనేవాడు. ఫిలోఫ్తేయాకి ఆ మాట వేదం. ప్రతి ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, చనిపోయినవాళ్ళ వైపు కాకుండా, బతికున్నవాళ్ళ కోసం పెట్టే వైపు ఒకటి ఎక్కువ పెట్టేది. ఎవరి కోసమని ఫాదరు అడిగితే, నవ్వి ఊరుకునేది.

ఈస్టరు వెళ్ళాక ఒకరోజు వాళ్ళ గుమ్మం ముందు కారాగింది. దిగినవాడి పేరు తిబేరియు. తోలు జాకెట్టు, చెవి దగ్గర ఫోను.

"క్రేన్ నడిపే ఆవిడ మీరేనా అండీ? ఆ షాపులో సామాను తరలించాలి. మా కుర్రాళ్ళెవరికీ ఆ పాత క్రేన్ తెలీదు."

"ఎక్కడికి తరలిస్తున్నారు బాబూ?"

"వేరే చోటికి" అన్నాడు తిబేరియు. అంతే అన్నాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే వాడు అబద్ధం ఆడలేదు. మిగతాదంతా ఆవిడే కలుపుకుంది. అచ్చు కదిలిందంటే ఎక్కడో ప్రెస్సు ఎదురుచూస్తోందనే ఆవిడ ఎరుగును. ఇంకో కారణానికి అచ్చు కదలడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఆ పూటే కాళ్ళకి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "కొత్త చోట మొదలెడతార్ట! రండర్రా, అచ్చులు సర్దాలి!" జంఫీర్ కర్ర పక్కన పడేసి ఏడ్చేశాడు. పాతవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు. గ్రీజు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా. ప్రతివాడూ తన ఇంటి వెనక పాకలోంచి డబ్బాలతో తెచ్చాడు. ఏళ్ళ తరబడి భోజనం క్యారేజీల్లో గేటు దాటి ఇళ్ళకి చేరిన కార్ఖానా గ్రీజంతా ఇన్నాళ్ళకి మళ్ళీ కార్ఖానాకి చేరింది. "నీ ఇంట్లో ఇంతుందట్రా దొంగా!" "నీ డబ్బా ముందు నాదెంత మావా!" అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర మొక్కజొన్న సంకటి మీద జున్ను తురుముతూ మొగుడితో చెప్పింది.

"మళ్ళీ మొదలెడతార్ట ఇలారియే. అచ్చులు కొత్త చోటికి పంపిస్తున్నారు."

"ఎవరన్నారు?"

"అనేదేవుంది? తరలిస్తున్నారంటే ఇంకెందుకు, చూసుకోడానికా?"

"సరేలే, చూద్దాం" అన్నాడు ఇలారియే. అప్పటికి అతనికీ తెలీదు.

లారీలు వెళ్ళడం మొదలైంది. ఫిలోఫ్తేయా తెల్లారి లేచి కోళ్ళకి గింజలు వేస్తూ పాడేది. గొంతు అంత గొప్పదేం కాదు, ఇరుగుపొరుగు ఓర్చుకున్నారు. ఇలారియే మాట్లాడడం తగ్గించాడు. ఆల్‌బుఖారా సారా గ్లాసు ముందు పెట్టుకుని కూర్చునేవాడు, తాగేవాడు కాదు. ఒక సాయంత్రం కుడిచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా కమిలి, పొక్కులు లేచి ఉంది.

"ఇదేంటి ఇలారియే!"

"నిప్పురవ్వ పడింది."

"ఇన్నేళ్ళ వెల్డరువి, నిప్పురవ్వకి దొరికావా?" అంది గుడ్డు తెల్లసొన రాస్తూ.

"ముసలాణ్ణయ్యాను కదే" అని మొహం తిప్పుకున్నాడు. మర్నాడు కూడా పనికి వెళ్ళాడు. మానితే ఇంకెవడో వస్తాడని భయం.

ఆ తర్వాతి రోజు రెండువందల నలభై బానెట్టు అచ్చు వంతు. ఉన్నవాటిల్లో జంఫీర్‌కి ప్రాణం అది. ముందురోజు తనే కూర్చుని, మూలమూలలా వేలుతో గ్రీజు పట్టించాడు. వైరు తాళ్ళు తగిలించి, చెయ్యెత్తి, మెల్లగా అని సైగ చేశాడు. ఫిలోఫ్తేయా అచ్చుని నేల మీంచి లేపి, లారీ కేసి తీసుకెళ్తోంది. సరిగ్గా అప్పుడే తిబేరియు విసురుగా షాపులోకి వచ్చాడు. ప్రెస్సులు నడిచే రోజుల్లో అయితే వాడు గొంతు చించుకున్నా పైకి వినబడేది కాదు. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది.

"ఎవరయ్యా వీటికి గ్రీజు మెత్తుతోంది? కేకులు చేస్తున్నారా ఏంటి ఇక్కడ?"

జంఫీర్ మురిసిపోతూ ముందుకొచ్చాడు. "మేమే సార్. మీరు చెప్పక్కర్లేదు, మాకు తెలుసు. తుప్పు పట్టకూడదు కదా."

"తుప్పా? తుప్పు పడితే ఏం పోయింది మావా! కోసేటప్పుడు ఇది భగ్గున అంటుకుంటోంది. మొన్న యార్డులో ఒకడి చెయ్యి కాలింది. వాడూ మీ వైపువాడే, లెరెష్ట్. నాకు మాటొస్తుంది."

"కోయడం ఏంటి?"

"కోయకుండా అంత దిమ్మ కొలిమిలో పడుతుందా?"

జంఫీర్ టోపీ తీశాడు. పైనుంచి ఫిలోఫ్తేయాకి ఆ నెత్తి కనబడింది. నల్లగా ఒత్తుగా ఉన్నప్పట్నించీ ఎరిగిన నెత్తి. అది అటూ ఇటూ ఊగుతోంది, ఎవరో మెడ పట్టుకుని ఊపుతున్నట్టు. లెరెష్ట్ నుంచి ఆ యార్డుకి వెళ్ళే వెల్డరు ఒక్కడే ఉన్నాడు. ఆవిడ మీటల మీంచి చేతులు తీసేసింది. బానెట్టు అచ్చు గాల్లో ఆగిపోయింది.

"దించమ్మా!" అని అరిచాడు తిబేరియు.

"దించను."

"దించక ఏం చేస్తావు?"

ఏం చేస్తుంది? అచ్చుని ఇంటికి తీసుకెళ్ళి కోళ్ళ పక్కన పెట్టుకుంటుందా? "దించను" అని మళ్ళీ అంది.

తిబేరియు దుర్మార్గుడేం కాదు, అదే కష్టం. దుర్మార్గుడైతే తిట్టుకోడానికైనా ఉండేది. వాడు కాసేపు అరిచి, కాసేపు బతిమాలి, చివరికి వేలాడే అచ్చు కిందికి రాకుండా దూరంగా వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాడు. "చూడమ్మా, అన్నీ అమ్ముడైపోయాయి. నువ్వు కూర్చున్న క్రేన్ కూడా. నువ్వు దించకపోతే బయట్నించి క్రేన్ లారీ తెస్తారు. వాళ్ళకి ఇవన్నీ తెలీవు, ఎత్తి పారేస్తారు. నేనూ జీతగాణ్ణే. నన్నేం చెయ్యమంటావు?"

మధ్యాహ్నం అయింది. పాతవాళ్ళు గోడవారన నిలబడ్డారు. వాళ్ళని ఇల్లిల్లూ తిరిగి పిలిచింది ఫిలోఫ్తేయాయే. ఇప్పుడు వాళ్ళ మొహాలు కనబడకపోవడమే మేలనిపించింది ఆవిడకి. జంఫీర్ పైకి చూసి చేతులెత్తాడు, ఏదో చెప్పబోయాడు. కానీ ఆ చేతి భాషలో ఉన్నవి ఎత్తు, దించు, మెల్లగా, ఆగు, అంతే. ఇలాంటప్పుడు చెప్పుకునే మాట ఒక్కటీ లేదు అందులో. చేతులు మళ్ళీ కిందికి జారాయి.

తిబేరియు ఫోను చేసినట్టున్నాడు, యార్డు నుంచి ఖాళీగా వచ్చిన లారీలోంచి ఇలారియే దిగాడు. చేతికి కట్టు. క్యాబిన్ కిందికొచ్చి నిలబడి, మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు.

"తేయా!"

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మొదటి లారీ నించీ."

"మరి చెప్పలేదేం?"

"పొద్దున్నే లేచి పాడుతున్నావు. ఏ నోటితో చెప్పమంటావే?"

ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వంగింది. "చెయ్యి కాలింది మా గ్రీజుకేనా?"

ఇలారియే కట్టు ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా!"

"తలుపు అచ్చు" అన్నాడు. "మడతల్లో బాగా పట్టించారు. పైన తుడిచాననుకున్నాను, లోపల ఉండిపోయింది. జంఫీర్ అన్న చెయ్యి పడితే ఊరికే పోతుందా?"

అది తమాషాకే అన్నాడు. జంఫీర్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"అక్కడ కోసేది ఎవరనుకుంటున్నావు?" అన్నాడు ఇలారియే. "అందరం మన బాడీ షాపు వాళ్ళమే. నేను కోయనంటే ఇంకోడు కోస్తాడు, వాడూ మనవాడే. ఇంక దించవే తేయా. పట్టుకున్నా పోతుంది, దించినా పోతుంది. పట్టుకుని నువ్వెందుకు చావడం?"

ఆవిడ ఏడ్చింది. క్యాబిన్‌లో కూర్చుని, గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఆ క్యాబిన్ అలాంటిది ఎరగదు. ఇలారియే నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పైకెక్కి పక్కన కూర్చుందామంటే, ఒంటిచేత్తో ఆ ఇనప నిచ్చెన ఎక్కలేడు.

చాలాసేపటికి జంఫీర్ కర్ర ఊనుకుంటూ తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు. అరచెయ్యి కిందికి పెట్టి, దించు అని, ఆ వెంటనే, మెల్లగా అని సైగ చేశాడు. వేరే ఎవరు చేసినా ఆవిడ కదిలేది కాదు.

మీట పట్టుకుంది. అచ్చు కిందికి దిగసాగింది. లారీ మీద చెక్కదిమ్మలకి బెత్తెడు ఎత్తున ఆపి, ఊగు తగ్గేదాకా ఆగి, అప్పుడు ఆనించింది. చప్పుడే కాలేదు. లారీ డ్రైవరు అద్దంలోంచి చూసి, "అయిందా? ఇంకా పెట్టలేదా?" అని అడిగాడు.

ఫిలోఫ్తేయా నిచ్చెన దిగి వచ్చేసరికి జంఫీర్ లారీ పక్కన లేడు. గోడవారన ఇంకా మిగిలిన అచ్చుల దగ్గర చతికిలబడి కూర్చున్నాడు. పక్కన కిరసనాయిలు డబ్బా. చేతిలో గుడ్డ. మడ్‌గార్డు అచ్చు మడతల్లోకి వేలు పోనిచ్చి గ్రీజు తుడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"కోసేవాళ్ళ చేతులు కాలకుండా."

ఆవిడ తలగుడ్డ విప్పి కిరసనాయిల్లో ముంచింది. గోడవారన ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇలారియే ఎడంచేత్తో తుడవడం మొదలెట్టాడు. తిబేరియు ఫోను తీసుకుని బయటికెళ్ళిపోయాడు.

ఆ షాపులో అచ్చు మీది గ్రీజు తుడిచేది ఒకే ఒక్క సందర్భంలో. మర్నాడు దాన్ని ప్రెస్సు మీదికి ఎక్కించేటప్పుడు. ఇంతకాలం వాళ్ళు గుడ్డ పట్టుకున్నారంటే రేపు పని ఉందని. చేతులకి ఆ సంగతే తెలుసు, కొత్త సంగతి ఇంకా తెలీలేదు. అందుకే మూల కూడా వదలకుండా, ఒక చుక్క ఉన్నా రేకు మీద మచ్చ పడుతుందన్నట్టు తుడుస్తున్నారు. "ఇటు చూడన్నా, ఇక్కడ ఇంకా ఉంది" అంటోంది ఫిలోఫ్తేయా. జంఫీర్ ఒంగి, చూసి, గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచాడు. అది అయ్యాక ఇద్దరూ పక్క అచ్చు దగ్గరికి జరిగారు.